పద్నాలుగో పళ్ళెం

చాదర్‌ఘాట్ వంతెన దిగితే ఎడమచేతి వైపు మా ఆసుపత్రి.
మూడో అంతస్తులో, లిఫ్టు మోటారు గది పక్కన నా కుర్చీ.
లిఫ్టు కదిలినప్పుడల్లా నా టీ కప్పులో చిన్న అల.
నేను ఎవరికీ మందు రాయను.
పట్టికలు రాస్తాను.

చేరిన కొత్తలో
ఒకే జాబితా తొమ్మిది పేజీల్లో ఉండేది.
ఎవరికి కావాల్సినప్పుడు వాళ్ళు
కాపీ కొట్టి అతికించుకున్నారు,
మందుల కొట్టు ఒకటి, వంటిల్లు ఒకటి, గేటు ఒకటి.
అతికించిన క్షణం నుంచి
ఏ కాపీకి ఆ కాపీ విడిగా ముసలిదయ్యేది.

ఇరవై రెండో బెడ్డు నరహరిగారు
మంగళవారం తెల్లవారుజామున పోయారు.
వంటింటి కాపీలో మాత్రం
గురువారం దాకా బతికే ఉన్నారు,
ఉప్పులేని ఉప్మాతో.
మూడు పొద్దులు ఆ పళ్ళెం పైకి వెళ్ళి
మూత తీయకుండానే కిందికి దిగింది.

శుక్రవారం కూర్చున్నాను, పంతానికి.
పట్టిక ఒక్కటే ఉండాలి.
తక్కినవన్నీ దాని మీదికి తెరుచుకునే కిటికీలు.
ఇక్కడ ఒక పేరు తుడిస్తే
తొమ్మిది చోట్లా అప్పుడే తుడుచుకుపోవాలి.
ఒకటే ట్యాంకు, గల్లీగల్లీకి నల్లా.

అయితే నీళ్ళకు దాచుకునే సంగతులుండవు.
జబ్బు పేరున్న గడి
డాక్టర్ తస్లీమ్‌కి తెరుచుకోవాలి.
గేటు దగ్గరి వెంకులుకి
అలాంటి గడి ఒకటుందని కూడా తెలియకూడదు.
వంటింటికి ఉప్పూ చక్కెరా చాలు,
బాకీ ఎంతో అక్కర్లేదు.
ఎవరింటికి అరువు వెళ్ళినా సరే
పట్టిక తన తాళం తానే మోసుకుపోవాలి.
పిలిచినవాళ్ళ ఇంటి తాళం దానికి పనికిరాదు.

నా పేరు బయటికి రావొద్దని
సంతకం పెట్టినవాళ్ళకైతే
వరుసకు వరుసే మాయం.
తాళాలు బిగించిన నాకూ కనపడదు.
ఆ రాత్రి ఇంటికి వెళ్ళేటప్పుడు
మెట్రోలో నా అంతట నేనే నవ్వుకున్నాను.

సోమవారం రాత్రి తొమ్మిదిన్నరకి ఇంటర్‌కామ్ మోగింది.
వంటింట్లోంచి మైసయ్య.
"మేడం, లిస్టుల రెండుసార్లు లెక్కవెట్టిన.
పదమూడు మందే ఉన్నరు.
కింద మొత్తం కాడ పద్నాలుగు జూపిస్తుంది.
ఆ ఒక్కరు ఎవరో నాకెందుకు గని...
తిన్నరా?"

అన్ని గడులకూ తాళం వేశాను.
అట్టడుగున కూర్చున్న కూడికను మరిచాను.
అది అబద్ధం నేర్వలేదు,
అడక్కుండానే చెప్పేసింది.

పై వార్డుకి ఫోన్ చేశాను. సలోమి సిస్టర్ ఎత్తింది.
"సిస్టర్, మీ దగ్గర..."
"ఉన్నారు. పొద్దుట్నుంచి ఏం ముట్టలేదు.
పేరు మాత్రం అడక్కండి."
"అడగను."

పది దాటాక ఒక పళ్ళెం
నా గది ముందు నుంచే వెళ్ళింది.
పెసరపప్పు కిచిడీ, దాని మీద మూత,
మూత మీద పేరుండాల్సిన చోట
మైసయ్య రాత: ఒకరు.

మర్నాడు కూడికను దిద్దాను.
చూసేవాళ్ళకు కనపడినంత వరకే
ఇప్పుడది లెక్కపెడుతుంది,
పదమూడు చూసినవాళ్ళకు పదమూడే.
వంటింటి కిటికీలో మాత్రం ఇంకో గడి తెరిచాను,
మనుషుల లెక్క కాదు,
పళ్ళేలు: పద్నాలుగు.
ఆకలికి పేరెందుకు, అంకె చాలు,
అని అనుకున్నాను గానీ
అంత సులువుగా తెగలేదు.

సాయంత్రం చాయ్ తెచ్చినప్పుడు
మైసయ్య గొంతు తగ్గించి చెప్పాడు:
"పళ్ళెం ఖాళీగ వచ్చింది మేడం.
నిమ్మకాయ తొక్కు ఇంకింత ఉంటే బాగుండు అన్నరంట."

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.
లిఫ్టు కదిలింది, కప్పులో అల.
ఆ తొక్కు సంగతి
నేను ఏ గడిలోనూ రాయలేదు.